గణితబోధనయందు పఠనావగాహనము

గణితపాఠమునందలి వచనమును, సూత్రమును, పటమును, పట్టికను విద్యార్థి తనంతట తాను చదివి, అందలి రాశులకు గల పరస్పర సంబంధమును గ్రహించి మనస్సున నిలుపుకొనునట్లు చేయు బోధనావిధానములకు గణిత పఠనావగాహన బోధన యని పేరు. భాషోపాధ్యాయులు కథలను, వ్యాసములను చదివించుటకై ఏర్పఱచిన ఉపాయములు కొన్ని ఇందు చేరినవి. గణితమునకే ప్రత్యేకముగా పుట్టినవి మఱికొన్ని. పిల్లలు రాతలెక్కలనియు, పాఠ్యపుస్తకములు పదసమస్యలనియు పిలుచు ప్రశ్నలే దీనికి ముఖ్యక్షేత్రము. అయినను నిర్వచనములు, ఉపపత్తులు, రేఖాచిత్రములు సైతము దీని పరిధిలోనివే. ఎక్కములు తడుముకొనక చెప్పి, కూడికలు తీసివేతలు తప్పులేక చేయగల బాలుడు, అవే అంకెలు నాలుగు వాక్యముల నడుమ కనబడినంతనే, "కూడవలెనా, తీసివేయవలెనా?" యని ఉపాధ్యాయుని ముఖము చూచుట ప్రతి బడిలోను జరుగుచున్నదే. "కూడుము" అని బదులు చెప్పుట సులభము; కాని ఆ మాట చెప్పిన క్షణముననే, ఆ లెక్కలో బాలుడు నేర్వవలసిన భాగమును ఉపాధ్యాయుడు తానే చేసి పెట్టినట్లగును.

గణితవచనము కథావచనము వంటిది కాదు. కథలో ఒక వాక్యము జాఱిపోయినను తరువాతి వాక్యములు ఆ లోటును కొంతవఱకు పూరించును. గణితమునందు పునరుక్తి యుండదు గనుక, "కనీసము", "మిగిలిన", "ఒక్కొక్క", "మాత్రమే" యనునట్టి చిన్నమాటలలో ఏ యొక్కటి విడిచినను ఆ లెక్క వేఱొక లెక్క యగును. టిమొతీ షానహన్, సింథియా షానహన్ అను అమెరికా విద్వాంసులు, గణితవేత్తలును రసాయనశాస్త్రజ్ఞులును చరిత్రకారులును తమతమ గ్రంథములను చదువు తీరును పరిశీలించి 2008లో ప్రకటించిన వ్యాసమున, మరల మరల చదువుటకును ప్రతిపదమును పట్టి చూచుటకును గణితవేత్తలిచ్చు ప్రాధాన్యమును ప్రత్యేకముగా పేర్కొనిరి. గడగడ చదువుటయే మంచి చదువని మెప్పుపొందిన బాలుడు లెక్కల పుస్తకమును కూడ అట్లే చదువును. నెమ్మదిగా చదువుట ఇచ్చట లోపము కాదని వానికెవ్వరో చెప్పవలెను.

కన్ను నడచు దారియు ఇచ్చట వేఱు. పట్టికను అడ్డముగను నిలువుగను, రేఖాచిత్రమును అక్షములనుండి లోపలికిని, కుండలీకరణములుగల సమాసమును లోపలినుండి వెలికిని చదువవలెను. తెలుగులో "మూడింట రెండు వంతులు" అనునపుడు హారము ముందును లవము వెనుకను పలుకబడును. వ్రాతలో రెండు పైనను మూడు క్రిందను నిలుచును. విన్న వరుసలోనే వ్రాసిన బాలిక పలకపై 3/2 కనబడును. ఆమెకు భిన్నములు రావని తీర్మానించుట అన్యాయము. ఆమెకు తెలియనిది మాటకును గుర్తునకును గల వరుసభేదము మాత్రమే.

పదముల చిక్కు మఱియొకటి. 1974లో నైరోబీ నగరమున యునెస్కో ఆధ్వర్యమున జరిగిన గోష్ఠిలో భాషాశాస్త్రజ్ఞుడు ఎం. ఎ. కె. హాలిడే, గణితమునకు తనదైన భాషారీతి గలదనియు, అది కేవలము కొత్తపదముల పట్టిక కాక అర్థములను కూర్చు ఒక పద్ధతి యనియు వివరించెను. లోకమున వర్గమనగా గుంపు, భిన్నమనగా వేఱైనది, హారమనగా మెడలోనిది, మూలమనగా వేరు. గణితమున ఈ నాలుగును నియతార్థములు గల సంజ్ఞలు. బాలునకు పదము పరిచితమే యగుటచేత తనకు తెలియలేదన్న సంగతియే వానికి తెలియదు. ఇట్టి పదములకై విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున డొరొతీ ఫ్రేయరును సహచరులును 1969లో ప్రకటించిన నమూనా నేటికిని వాడుకలో నున్నది. కాగితమును నాలుగు గదులుగా విభజించి, నడుమ పదమును వ్రాసి, నిర్వచనమును, లక్షణములను, ఉదాహరణములను, ఉదాహరణములు కానివానిని విద్యార్థిచేతనే నింపించుట ఇందలి విధానము. నాలుగవ గదియే దీని ప్రాణము: రాంబస్ ఏల చతురస్రము కాకపోవచ్చునో వ్రాయగలిగిన పిల్లవానికి చతురస్రము తెలిసినదనవచ్చును.

లెక్కను చదువుట ఒక విద్యయని ప్రాచీనులెఱుగుదురు. క్రీస్తుపూర్వము 1550 ప్రాంతమునాటి ఈజిప్టు దేశపు రైండ్ పాపిరస్‌లోనే రొట్టెల పంపకమును, ధాన్యపు కొలతలను గూర్చిన మాటల లెక్కలు గలవు. మన దేశమున గణితము ఛందోబద్ధమై వెలయుటచే, పద్యమును విడదీయక లెక్కలో అడుగిడుటకే వీలులేకపోయెను. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన సారసంగ్రహగణితమను పేర తెనుగు పద్యములలోనికి తెచ్చెను. ఇట్టి గ్రంథములలో అంకెలు సైతము మాటల మాటున నుండును: చంద్రుడన్న 1, నేత్రములన్న 2, వేదములన్న 4, బాణములన్న 5, ముందు వచ్చిన పదము ఒకట్ల స్థానమును, తరువాతిది పదుల స్థానమును పొందును గనుక వేదబాణములన్న 45 కాదు, 54.

1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలోని తుమ్మెదల లెక్క పఠనావగాహనమునకు చక్కని ఉదాహరణము. ఒక గుంపులోని తుమ్మెదల సంఖ్యలో సగమునకు వర్గమూలమెంతయో అన్ని మాలతీపుష్పమునకు పోయినవి, మొత్తములో తొమ్మిదింట ఎనిమిది వంతులును అచ్చటికే చేరినవి, సౌరభమునకు లోబడి రాత్రి పద్మములో చిక్కుకొని ఝంకారము చేయు మగతుమ్మెదకు ఒక ఆడుతుమ్మెద బదులు పలుకుచున్నది, గుంపులోని తుమ్మెదలెన్ని? ఉత్తరము 72: సగమైన 36నకు వర్గమూలము 6, తొమ్మిదింట ఎనిమిది వంతులు 64, మిగిలినవి 2. ఈ "రెండు" అను అంకె లెక్కలో ఎచ్చటను లేదు. వెలుపల పలుకు ఆడుతుమ్మెద యొక్కటియే మిగిలినదని భ్రమపడినవానికి సమీకరణము కుదురును గాని పూర్ణసంఖ్య రాదు. పద్మములోని మగతుమ్మెద అలంకారము కొఱకు వచ్చినది కాదు, గుంపులోనిదే యని గ్రహించుటకు వర్గసమీకరణ జ్ఞానము తోడ్పడదు; శ్లోకమును సరిగా చదువుటయొక్కటే తోడ్పడును.

ఇట్టి గ్రంథములను చెప్పినవారు పదచ్ఛేదము, ప్రతిపదార్థము, అన్వయము, తాత్పర్యమను క్రమమును పాటించిరి. పదములను విడదీయుట, ఒక్కొక్కదాని అర్థమును నిర్ణయించుట, ఏ పదము దేనితో కలియునో చూచుట, మొత్తము భావమును సొంతమాటలలో చెప్పుట అను ఈ నాలుగు మెట్లును, పాశ్చాత్యదేశములలో గడచిన కొన్ని దశాబ్దములలో రూపొందిన పఠనోపాయములకు మిక్కిలి సన్నిహితములు. మన బడులలో ఒక గంట తెలుగు పండితుడు పద్యమునకు అన్వయము చెప్పించుచుండగా, మఱుసటి గంట లెక్కల ఉపాధ్యాయుడు అదే పిల్లలకు నాలుగు వాక్యముల లెక్కను అన్వయింపజేయక నేరుగా నల్లబల్లపై సాధన వ్రాయుచుండుట విచారకరము. చేతిలోనున్న సాధనమును పక్కగదిలోనికి తీసికొనిపోవుటకు ఏ యడ్డంకియు లేదు.

ఆధునికయుగమున ఈ విషయమునకు పునాదివేసిన గ్రంథము, హంగరీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన జార్జి పోల్యా 1945లో ప్రకటించిన సమస్యాసాధన గ్రంథము. సమస్యను అర్థముచేసికొనుట, ఉపాయమునాలోచించుట, దానిని నెఱవేర్చుట, వెనుకకు తిరిగి చూచుట అను నాలుగుదశలలో అవగాహనమునకు ఆయన ప్రథమస్థానమిచ్చెను. అయితే అవగాహనము కావలెననుట వేఱు, దానిని నేర్పుట వేఱు. డొలొరెస్ డర్కిన్ అను విదుషి అమెరికాలోని ప్రాథమిక తరగతులలో 4,469 నిమిషముల పఠనబోధనను గమనించి 1978-79లో ప్రకటించిన పరిశోధనలో, అవగాహనమును నిజముగా నేర్పినది సుమారు 20 నిమిషములే యని తేలెను. తక్కిన కాలమున ప్రశ్నలడిగి, జవాబు సరియో కాదో చెప్పుచుండిరి. అనగా పరీక్షించుటయే బోధనగా చలామణి యగుచుండెను. చదువు నేర్పు తరగతిలోనే ఇట్లున్నప్పుడు గణితపు తరగతి సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

పిల్లలు ఏ మెట్టుమీద జాఱుచున్నారో కనుగొనుటకు ఆస్ట్రేలియా దేశపు విద్యావేత్త ఎం. ఆన్ న్యూమన్ 1977లో ప్రకటించిన విధానము సరళమైనది. తప్పు చేసిన విద్యార్థిని కూర్చుండబెట్టి అయిదు పనులు చెప్పుదురు: లెక్కను పైకి చదువుము, ఏమి అడుగుచున్నదో చెప్పుము, ఏ పద్ధతిన చేయుదువో చెప్పుము, చేసి చూపుము, ఉత్తరము వ్రాయుము. పఠనము, అవగాహనము, రూపాంతరీకరణము, గణనము, ఉత్తరలేఖనము అను ఈ అయిదింటిలో మొదట ఎచ్చట ఆగునో అదియే దోషస్థానము. ఆమె పరిశీలించిన తప్పులలో దాదాపు సగము గణనమును చేరకమునుపే జరిగినట్లు తేలినది. గణనమున తప్పినవానిచేత మఱి ఇరువది భాగహారములు చేయించుట మందు కావచ్చును. చదువుటలోనే తప్పినవానికి ఆ యిరువదియు వృథాశ్రమ.

అర్థమును విడిచి అంకెలను పట్టుకొను అలవాటు ఎంత లోతుగా నాటుకొనునో చూపుటకు రెండు ప్రసిద్ధ నిదర్శనములు గలవు. ఫ్రాన్సుదేశమున గ్రెనోబుల్ నగరపు గణితబోధనా పరిశోధనసంస్థవారు 1980 ప్రాంతమున, ఓడలో 26 గొఱ్ఱెలు, 10 మేకలు గలవు, ఓడనాయకుని వయస్సెంత యని చిన్నతరగతుల పిల్లలు 97 మందిని అడుగగా, 76 మంది ఆ అంకెలనే యేదో విధమున కలిపి వయస్సును చెప్పిరి. స్టెల్లా బారూక్ 1985లో ఈ విషయముపై ఒక గ్రంథమునే వ్రాసెను. ఈ పిల్లలు మందబుద్ధులు కారు. లెక్కల గంటలో అడిగిన ప్రతి ప్రశ్నకును ఉత్తరముండునని, ఇచ్చిన ప్రతి అంకెను వాడవలెనని బడియే వారికి నేర్పియుండెను. రెండవది అమెరికాలో జాతీయ మూల్యాంకనమున పదుమూడేండ్ల పిల్లలకిచ్చిన లెక్క: ఒక బస్సులో 36 మంది సైనికులు పట్టుదురు, 1,128 మందిని తరలించుటకు ఎన్ని బస్సులు కావలెను? నూటికి డెబ్బదిమంది భాగహారమును సరిగనే చేసిరి. 32 అని సరియైన సంఖ్య చెప్పినవారు నూటికి 23 మంది. "31, శేషము 12" అని నూటికి 29 మంది వ్రాసిరి. ఆ పన్నిద్దరు సైనికులు రోడ్డుమీద నిలిచియుందురన్న తలపు వారికి కలుగకపోవుటకు కారణము భాగహారము రాకపోవుట కాదు.

ఈ దోషమును పెంచి పోషించునది సంకేతపదముల పద్ధతి. "మొత్తము" అన్న కూడుము, "మిగిలిన" అన్న తీసివేయుము, "ఎక్కువ" అన్న కూడుము అని గోడకు పట్టిక అంటించి వల్లెవేయించు ఆచారము మనదేశముననే గాక ఇతరదేశములందును విరివిగ గలదు. ఇది మొదటి తరగతులలో ఫలించునట్లు కనబడును, ఏలయన ఆ పుస్తకములలోని లెక్కలు ఆ పట్టికకు తగినట్లే వ్రాయబడియుండును. కాలిఫోర్నియాలో మేరీ హెగార్టీ, రిచర్డ్ మేయర్, క్రిస్టఫర్ మంక్ అనువారు చదువరుల కనుకదలికలను గుర్తించి 1995లో ప్రకటించిన పరిశోధనము దీని గుట్టు విప్పినది: తప్పిపోవువారు మరల మరల అంకెలవైపును, "ఎక్కువ" "తక్కువ" వంటి మాటలవైపును చూచిరి, సాధింపగలవారు ఏ వస్తువు ఎవరిదను నామములవైపు మరలి చూచిరి. మొదటివారు అంకెలను ఏఱుకొనుచుండిరి. రెండవవారు సన్నివేశమును కట్టుకొనుచుండిరి.

అడుగు తీరు మాఱిన మాత్రమున అందని లెక్క అందుటయు గలదు. టామ్ హడ్సన్ 1983లో ప్రకటించిన ప్రయోగమున, పక్షులును పురుగులును గల బొమ్మను చూపి, పురుగులకంటె పక్షులు ఎన్ని ఎక్కువ యని అడుగగా మొదటి తరగతి పిల్లలలో నూటికి 64 మంది చెప్పగలిగిరి. ఎన్ని పక్షులకు పురుగు దొరకదు అని అడుగగా అందఱును చెప్పిరి. వారికి లేనిది వ్యవకలన జ్ఞానము కాదు, "కంటె ఎన్ని ఎక్కువ" యను వాక్యమును విప్పు నేర్పు.

ఇక ఉపాయములు. లియో ఫే 1965లో ఒక ఆఱంచెల క్రమమును సూచించెను: పైపైన చూచుట, ప్రశ్నను గుర్తించుట, నిదానముగ చదువుట, ఏ ప్రక్రియయో తన్ను తాను ప్రశ్నించుకొనుట, గణించుట, ఉత్తరము పొసగునా యని మరల ప్రశ్నించుకొనుట. పాలిన్‌సార్, బ్రౌన్ అను విదుషులు 1984లో ప్రకటించిన పరస్పరబోధన విధానమున పిల్లలే వంతులవారీగ నాయకత్వము వహించి, ఊహించుట, ప్రశ్నించుట, సందేహములు తీర్చుకొనుట, సంగ్రహించుట అను పనులు చేయుదురు. ఇది కథాపఠనమునకై పుట్టినను తరువాత గణితమునకు మలచబడినది. ఆర్థర్ హైడ్ 2006లో, నాకేమి తెలియును, నేనేమి కనుగొనవలెను, ప్రత్యేక నియమములేవైన గలవా అను మూడు ప్రశ్నలను ప్రతిపాదించెను. మూడవదే గణితమునకు తగిన చేర్పు; "ఒక్కొక్కరికి సమానముగ" అను నియమమును విడిచి పంపకపు లెక్క చేసినవారెంతమందియో ఉపాధ్యాయులెఱుగుదురు. సింగపూరున 1980 దశకపు ఆరంభమున ఖో టెక్ హాంగ్ నాయకత్వమున ప్రవేశపెట్టబడిన దీర్ఘచతురస్రపు పటముల పద్ధతి, వాక్యమునకును సమీకరణమునకును నడుమ పటమును నిలుపును. ఆశా జితేంద్ర మున్నగువారి విధానమున లెక్కలను మార్పు, కలయిక, పోలిక యను కథారూపములుగ గుర్తింపజేయుదురు.

ఇట్టి ఉపాయములలో మన తరగతులకు మిక్కిలి అనువైనది మఱియొకటి గలదు, అది మూడుమార్లు చదువు పద్ధతి. దాని నడకను ఒక లెక్కతో చూపవచ్చును. "రంగయ్యవద్ద 48 కొబ్బరికాయలు గలవు. ఇవి వీరయ్యవద్ద నున్నవానికంటె 15 ఎక్కువ. అయిన ఇరువురివద్దను కలిపి ఎన్ని కాయలు గలవు?" మొదటిమారు ఉపాధ్యాయుడు అంకెలను చేతితో మూసి చదివించి, "ఇది ఎవరి కథ?" అని మాత్రమే అడుగును; ఇద్దఱు మనుష్యులు, ఇద్దఱివద్దను కాయలు, ఒకరివద్ద హెచ్చు, అని పిల్లలు చెప్పుదురు. రెండవమారు, "ఎవరివద్ద హెచ్చు?" అని అడుగును. ఇచ్చటనే తరగతి రెండుగ చీలును. "ఎక్కువ" అను మాట వీరయ్య పేరు పక్కనుండుటచే వీరయ్యవే హెచ్చని కొందఱందురు. "ఇవి" అన్నది రంగయ్య కాయలను గదా యని వేఱొక పిల్ల ఆక్షేపించును. ఆ వాదమును ఉపాధ్యాయుడు తీర్పుచెప్పి ఆపరాదు. బల్లపై ఒక పొడవు గీత, ఒక పొట్టి గీత గీసి, ఏ గీత ఎవరిదో వారిచేతనే పేరు వ్రాయించవలెను. మూడవమారు అంకెలను తెఱచి, అడిగినదేమని చూతురు. వీరయ్యకు 33, ఇరువురికి 81. పట్టికను నమ్మిన బాలుడు 48నకు 15 కూడి 63 అని, మొత్తము 111 అని చెప్పును. వాని గణనలో ఒక్క తప్పును లేదు. ఒక్క లెక్కకు పదిహేను నిమిషములు పట్టినదని విచారింపనక్కఱలేదు. అంతటి శ్రద్ధతో చదివిన ఒక్క లెక్క చదువక చేసిన పదింటికంటె మేలు.

తెలుగుపుస్తకముల వాక్యనిర్మాణము ప్రత్యేకముగ గమనింపదగినది. ఒకడు కొన్ని బస్తాలు కొని, బండికూలి యిచ్చి, కొన్ని పాడుకాగా తక్కినవానిని అమ్మిన, లాభమెంత యని అసమాపకక్రియలతో కథనంతయు ఒకే వాక్యమున కూర్చుట మనకు అలవాటు. ఆ వాక్యమును ఒక్కొక్క క్రియవద్ద త్రుంచి, ఒక్కొక్క వరుసలో వ్రాయించుట మంచి అభ్యాసము. "అయిన" యను మాటకు ముందున్నది దత్తము, వెనుకనున్నది ప్రశ్న యని పిల్లలు త్వరలోనే గుర్తింతురు. ఆంగ్లమాధ్యమమున చదువు తెలుగు పిల్లలకు ఇంకొక యిబ్బంది గలదు. "ఒక సంఖ్యకంటె 5 తక్కువ" యను తెలుగు మాటల వరుసయు, సంఖ్యనుండి 5 తీసివేయు సంకేతముల వరుసయు ఒక్కటే. ఆంగ్లమున అయిదు ముందువచ్చి సంఖ్య చివర నిలుచును గనుక, ఆ వరుసనే వ్రాసినవాడు 5నుండి సంఖ్యను తీసివేయును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు ఎదురెదురు పుటలలో రెండు భాషలను ముద్రించిన పుస్తకములను బడులకిచ్చుట చేత, ఒకే లెక్కను ఇరుభాషలలో చదివించి వరుసను పోల్చుటకు మంచి యవకాశము కలిగినది.

వాక్యపు వరుసను యథాతథముగ సంకేతములలోనికి దింపుట పెద్దలకును తప్పని ప్రమాదము. ఆచార్యుల సంఖ్యకు విద్యార్థుల సంఖ్య ఆఱు రెట్లను సంబంధమును సమీకరణముగ వ్రాయుమని అమెరికాలో 150 మంది ఇంజనీరింగు మొదటి సంవత్సరపు విద్యార్థులను అడుగగా, నూటికి 37 మంది తప్పిరని జాన్ క్లెమెంటును సహచరులును 1981లో ప్రకటించిరి; తప్పినవారిలో పెక్కుమంది 6వి = ఆ అని తలక్రిందుగ వ్రాసినవారే. "వి" యనగా విద్యార్థులు కాదు, విద్యార్థుల సంఖ్య యని చదువుట కళాశాలలో సైతము నేర్పవలసియున్నది.

గణిత పఠనావగాహన బోధనపై ఆక్షేపణలును లేకపోలేదు. అంచెల పేర్లు వల్లెవేయించుటతో ఉపాయము ఆచారముగ మాఱిపోవునని, భాషోపాధ్యాయుని పనిని గణితోపాధ్యాయునిపై మోపుట తగదని కొందఱందురు. మొదటిది సత్యము, రెండవది అంగీకరింపరానిది. కథలు చదువుటలో నేర్పరియైన భాషోపాధ్యాయునికి "అప్పుడు మాత్రమే" యను షరతు గణితమున మోయు బరువు తెలియనక్కఱలేదు, గణితోపాధ్యాయునికి తెలియక తప్పదు. పాఠ్యపుస్తకపు భాషను సులభముచేసిన చాలునను వాదము కొంతవఱకు మంచిదే గాని, ఎల్లప్పుడును నమిలి పెట్టినచో బాలునకు దంతములకు పనియుండదు. ఫిన్లాండు దేశమున నాల్గవ తరగతి పిల్లలు 225 మందిపై 2008లో ప్రకటింపబడిన పరిశోధన, అక్షరములు గుర్తించి చదువు శక్తిని మినహాయించిన తరువాత కూడ, వచనావగాహనమునకును రాతలెక్కల సామర్థ్యమునకును దృఢసంబంధము గలదని చూపినది. భారతప్రభుత్వము 2021లో ఆరంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమము అక్షరజ్ఞానమును సంఖ్యాజ్ఞానమును జంటగ లక్ష్యీకరించినది. ఆ రెంటిని వేఱువేఱు గంటలలో వేఱువేఱుగ నేర్పినంతకాలము ఆ జంట కాగితముమీదనే యుండును.

తెలుగు బడులలో ఉన్నతతరగతుల రేఖాగణితమునందు ఒక ఆచారము చిరకాలముగ నిలిచియున్నది. సిద్ధాంతమును నిరూపించుటకు ముందు దత్తాంశము, సారాంశము, నిర్మాణము, ఉపపత్తి యని నాలుగు శీర్షికలను వరుసగ వ్రాయుదురు. సిద్ధాంతవాక్యమును చదివి, ఇచ్చినదేదో కోరినదేదో విడదీసి సొంతవాక్యములలో వ్రాయక ఉపపత్తికి చేయిపెట్టుటకు వీలులేదు. పరీక్షకులును ఆ రెండు వరుసలకు మార్కులిత్తురు. ఈ యాచారమును మూడవ తరగతి అంకగణితమునుండియే ప్రవేశపెట్టుటకు కొత్త పుస్తకము గాని కొత్త పరికరము గాని అక్కఱలేదు: కొబ్బరికాయల లెక్కకు సైతము నోటుపుస్తకమున మొదటి రెండు వరుసలు మాటలకే విడిచి, ఆ రెండింటికిని మార్కులు వేయుటతో పని మొదలగును.